కట్టు విప్పే రోజు: చిత్తూరు నుంచి పుత్తూరుకు

జనవరి రెండో వారంలో నాకొక పోస్టుకార్డు వచ్చింది. రాసినవాడు మునిరత్నం. నాతోపాటు చిత్తూరు కాలేజీలో బి.ఏ. రెండో సంవత్సరం చదువుతూ హాస్టల్లో ఉండేవాడు. పుత్తూరుకు దగ్గర పల్లెలో మగ్గం నేసే ఇంటి పిల్లవాడు. కార్డులో నాలుగే వాక్యాలున్నాయి. "వచ్చే గురువారం కట్టు విప్పుతారంట. వీలయితే రా. నాయన నాతో మాట్లాడి నెల దాటింది. హాస్టల్లో నా పెట్టె కింద పరుగు షూలున్నాయి, ఎవరికైనా సరిపోతే ఇచ్చెయ్." ఆ చివరి వాక్యం చదివాక ఆ కార్డును జేబులో పెట్టుకోవడానికి కూడా నాకు చేతులు రాలేదు. అతని కాలు ఎలా విరిగిందో కొండెక్కిన మా జట్టులోని ఏడుగురికీ తెలుసు. అందులో ఆరుగురం నోరు మెదపలేదు. ఆ ఆరుగురిలో నోరు విప్పి తీరవలసినవాణ్ణి నేను, ఎందుకంటే ఆ రోజు జట్టు నాయకుణ్ణి నేనే. వాళ్ళ నాయనకు నిజం చెప్పి రావాలనే ఆ గురువారం బయలుదేరాను. మన జిల్లాలో కాలో చెయ్యో విరిగిన మనిషిని వెంటబెట్టుకుని పుత్తూరుకు పోవలసి రావడం ఎవరికైనా ఎప్పుడైనా తప్పదు కాబట్టి, దారి వివరాలు కూడా ఇందులోనే రాస్తున్నాను.

చిత్తూరు బస్టాండులో పుత్తూరు బస్సు పొద్దున ఏడుకు ఉందన్నారు, ఏడుం పావుకు కదిలింది. గంగాధర నెల్లూరు, కార్వేటినగరం మీదుగా పోతుంది. టికెట్టు ఆరు రూపాయల చిల్లర. రెండున్నర గంటల ప్రయాణం అనుకోవచ్చు, మంచు ఉంటే ఇంకాస్త ఎక్కువ. ఆ రోజు మంచు బాగానే ఉంది. డ్రైవరు రెండు చోట్ల బస్సాపి గుడ్డతో అద్దం తుడుచుకున్నాడు. ఊరు దాటగానే చెరకు తోటలు, వాటి మధ్య బెల్లం వండే కొట్టాల నుంచి తెల్లటి పొగ. మామూలు రోజయితే ఆ వాసనకే ప్రాణం లేచి వచ్చేది. నా పక్క సీటులో ఒక పెద్దాయన మోచేతికి పాత చీర గుడ్డ కట్టుకుని కూర్చున్నాడు. టికెట్టు కొట్టడానికి వచ్చిన కండక్టరు ఆయన్ను చూసి, "పుత్తూరే కదా తాతా? ఈ బస్సులో సగం మంది కట్టుకే పోతారు. మిగిలిన సగం వాళ్ళకు తోడు," అన్నాడు. తర్వాత నన్ను చూసి, "నువ్వేమప్పా, తోడా?" అన్నాడు.

"ఊ," అన్నాను.

"ఎవురికి?"

"ఫ్రెండుకు. ఈ పొద్దు కట్టు విప్పుతారు."

"అయితే మంచి రోజే గదబ్బా, మొగం అట్ల పెట్టుకున్నావే?" అని ముందుకు పోయాడు.

మొగం అలా ఎందుకు పెట్టుకున్నానో చెప్పాలంటే డిసెంబరు నెల సంగతి చెప్పాలి. తిరుపతిలో కాలేజీ విద్యార్థులకు పది రోజుల నాయకత్వ శిక్షణ శిబిరం పెట్టారు. జిల్లాలోని కాలేజీల నుంచి నలభై మంది దాకా వచ్చాం. మా కాలేజీ నుంచి ఇద్దరం. వక్తృత్వ పోటీల్లో కప్పులు తెస్తానని నన్ను పంపారు. పరుగులో మొదటివాడని మునిరత్నాన్ని పంపారు. ఒక సత్రంలో బస, పొద్దున అయిదున్నరకు కసరత్తు, తర్వాత పాఠాలు. సభ ఎలా నడపాలి, తగాదా ఎలా తీర్చాలి, పదిమందిని ఒక మాట మీదికి ఎలా తేవాలి. శిబిరం డైరెక్టరు గారు రోజుకొక్కసారయినా, "తటపటాయించేవాడు నాయకుడు కాడు," అనేవారు. ఆ మాటను నేను నోటుబుక్కులో మొదటి పేజీలోనే రాసుకున్నాను.

రెండో రోజున ఒక ఆట ఆడించారు. ఒకరి కళ్ళకు గంతలు కట్టి, ఇంకొకరు మాటతో మాత్రమే అతన్ని సత్రం ఆవరణ అంతా నడిపించాలి. మునిరత్నం నన్ను నడిపించినప్పుడు పది మాటలు కూడా మాట్లాడలేదు. "మెట్టుండాది, ఆగు," "కుడి పక్కకు రా," అంతే. ఎక్కడా తగలకుండా తిరిగి వచ్చాను. నేనతన్ని నడిపించినప్పుడు ఒకటే వాగుడు, చూసేవాళ్ళకు నవ్వు రావాలని హాస్యాలు కూడా. అతను నేరుగా పోయి స్తంభానికి గుద్దుకున్నాడు. అందరూ పకపకా నవ్వారు. నుదురు రుద్దుకుంటూ అతనూ నవ్వాడు. ఆ సాయంత్రం డైరెక్టరు గారు నా మాట తీరును మెచ్చుకున్నారు.

ఎనిమిదో రోజు మమ్మల్ని వ్యానుల్లో నారాయణవనం దాటి కైలాసకోనకు తీసుకెళ్ళారు. ఏడుగురు చొప్పున జట్లు. కొండ మీద ఒక గుండు దగ్గర జెండా పాతిపెట్టారు. దారి గీసిన కాగితం ఇచ్చి, ముందుగా జెండా దగ్గరికి చేరి వచ్చిన జట్టుకు ఎక్కువ మార్కులన్నారు. ముందు రోజు రాత్రంతా వాన కురిసింది. సగం దూరం పోయాక, మాకంటే ముందున్న జట్టు గొంతులు పైనుంచి వినిపించాయి. కాగితంలో గీసిన దారి చుట్టు తిరుగుతుంది. వాగులో బండల మీదుగా పోతే సగానికి సగం తగ్గుతుందని నాకు తోచింది. మునిరత్నం ఆ కొండల పక్కన పుట్టినవాడు. బండను కాలి వేలితో రాసి చూసి, "వద్దబ్బా. పాసి పట్టుండాది, జారతాది. సుట్టూ పోదాం," అన్నాడు.

నేనేం చేశానంటే, శిబిరంలో నేర్పిన పనే చేశాను. నిలబడి రెండు నిమిషాలు మాట్లాడాను. గెలుపు గురించి, తటపటాయింపు గురించి. తర్వాత చేతులెత్తమన్నాను. నాది కాక అయిదు చేతులు లేచాయి. మునిరత్నం అందర్నీ ఒకసారి చూసి, "సరే. అయితే నేను ముందు పోతా, నేను కాలు పెట్టిన తావే మీరూ పెట్టండి," అన్నాడు. నాలుగో బండ మీద జారాడు. రెండు గుండ్ల సందులో కాలు ఇరుక్కుని మనిషి ఒక పక్కకు పడ్డాడు. ఆ చప్పుడు నేను రాయలేను.

భయంలో నాకు తోచింది ఒక్కటే, వెంటనే కిందికి దించెయ్యాలని. "ఆగబ్బా, కాలు కదిలించొద్దు," అని అతను అంటూనే ఉన్నాడు. నేను వినకుండా భుజాన వేసుకున్నాను. మరో ఇద్దరు పట్టుకున్నారు. ముప్పావు గంట అలా మోసి దించాం. దగ్గరలో పుత్తూరే కాబట్టి వ్యానులో అక్కడికే తీసుకెళ్ళారు. కట్టు కట్టే కొట్టం బయట డైరెక్టరు గారు మమ్మల్ని వరుసగా నిలబెట్టి, "గీసిన దారి తప్పించింది ఎవరు?" అని అడిగారు. లోపల బల్ల మీద పడుకుని ఉన్న మునిరత్నం ఆ ప్రశ్న విన్నాడు. "నేనే సార్. ఈ కొండ నాకు తెల్సునని నేనే తీసకపోయినా," అన్నాడు. నేను నేల చూస్తూ నిలబడ్డాను. మా జట్టూ డైరెక్టరు గారూ ఆ రాత్రి అక్కడే ఉండిపోయాం. మరునాడు వాళ్ళ నాయన చెంగల్రాయుడు ఆ కొట్టానికి వచ్చి, కొడుకు చేసిన పనికి అందరి ముందు డైరెక్టరు గారికి చేతులు జోడించి క్షమించమన్నాడు. అప్పుడూ నేను అక్కడే ఉన్నాను. పదో రోజు ముగింపు సభలో, ఆపదలో నిబ్బరంగా సహచరుణ్ణి కొండ దించినందుకు ఉత్తమ నాయకుడు అని నాకు సర్టిఫికెట్ ఇచ్చారు. తీసుకున్నాను. చప్పట్లు కొట్టారు.

పుత్తూరులో దిగేసరికి తొమ్మిదీ యాభై అయింది. కట్టు కట్టే ఊరు అక్కడికి దగ్గరే. బస్టాండు బయట జట్కాలు నిలబడి ఉంటాయి. ఒక్క మనిషికయితే అర్ధరూపాయి, కాలు చాపుకోవలసిన మనిషి ఉంటే బండి మొత్తానికి రెండు రూపాయలు అడుగుతారు. నడిచినా పెద్ద దూరం కాదు. దారి పొడవునా వెదురు బద్దలు, చుట్ట చుట్టిన గుడ్డలు, కోడిగుడ్లు అమ్మే అంగళ్ళు. గుడ్లు తినడానికి కాదు, తెల్లసొనను పసరులో కలిపి కట్టు కింద పూస్తారు. పెద్ద కొట్టం కింద అరుగుల మీద ముప్పై మంది దాకా వరుసగా కూర్చుని ఉన్నారు. చెంగల్రాయుడు నన్ను చూసి లేచి నిలబడ్డాడు. సన్నటి మనిషి, రంగు నూలు అంటుకుని వేళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"రా నాయనా. నువ్వే గదా వీణ్ణి కొండ మీది నుంచి మోసుకొచ్చింది? నీ రుణం యాడ తీర్చుకునేది?" అన్నాడు. మునిరత్నం గోడకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు. సన్నబడిపోయాడు. నన్ను చూసి తలూపాడు. తండ్రీకొడుకుల మధ్య ఇంకో మనిషి పట్టేంత ఎడం ఉంది. నేనక్కడ కూర్చోవలసి వచ్చింది.

పదకొండు గంటలకు మా వంతు వచ్చింది. వైద్యుడు ముసలాయన. మాట తక్కువ. కట్టు విప్పి, ఎండిపోయిన పసరు కడిగించి, రెండు మడమలూ జత చేసి చూశాడు. పిక్క మీద బొటనవేలితో పై నుంచి కిందికి నొక్కుకుంటూ వచ్చాడు. తర్వాత చెంగల్రాయుడి వైపు తిరిగి, "ఎముక అతుక్కుండాది. రొంత పొట్టయింది కాలు. నడుస్తాడు, పని చేసుకుంటాడు. పరిగెత్తే పని మాత్రం పెట్టుకోవద్దు," అన్నాడు.

"పోలీసు సెలక్షన్లుండాయి సామీ, వచ్చే నెల. దానికోసరమే రెండేండ్లుగా పరిగెత్తతా ఉండాడు."

"ఆ మాట మర్సిపో నాయనా." ఆయన చేతులు కడుక్కుంటూ ఇంకో మాట అన్నాడు. "మొదులు తెచ్చిన పొద్దే సూసినా. బద్దలేమీ కట్టకుండా భుజాన ఏసుకుని దించినారు. కాలు యాలాడి యాలాడి ఎముక మొన లోపలంతా చీల్చింది. ఆడనే పండబెట్టి మనిషిని పంపించింటే ఇంత కాకపోను. ఎవురు మోసినారో ఏమో, పాపం, మంచికనే మోసుంటారు."

ఆయన నన్ను గుర్తుపట్టలేదు. రోజుకు అంతమంది వచ్చే చోట ఎవరిని గుర్తుపెట్టుకుంటాడు? చెంగల్రాయుడు మాత్రం నా వైపు చూసి, నాకు బాధ కలగకూడదన్నట్టు గబగబా అన్నాడు. "మోసినోళ్ళ తప్పేముంది సామీ. కొండ తెల్సునని వీడికి పొగరు. ఊరోళ్ళ బిడ్డల్ని గూడా ఆ దోవన తీసకపోయినాడు. వాళ్ళకేమన్నా అయ్యుంటే నేను ఏ మొగం పెట్టుకుని తిరిగేది? చేసుకున్నోడికి చేసుకున్నంత." ఆ మాట వింటూ మునిరత్నం తన కాలి వైపే చూస్తున్నాడు. కట్టు లేని ఆ కాలు తెల్లగా, పుల్లలా, వేరే మనిషిదిలా ఉంది.

చెంగల్రాయుణ్ణి కొట్టం వెనక్కి పిలుచుకుపోయాను. అక్కడ పసరు నూరే ఆడవాళ్ళు ఇద్దరున్నారు. వాళ్ళు వింటున్నా సరే అనుకున్నాను. ఇంకో నిమిషం ఆగితే మళ్ళీ చెప్పలేనని తెలుసు.

"మామా, వాడు తీసకపోలేదు. నేను తీసకపోయినా. వాడు వద్దు జారతాదని చెప్పినాడు. నేనే అందరిచేతా చేతులెత్తించినా. కాలు కదిలించొద్దన్నా వినకుండా భుజానికెత్తుకునిందీ నేనే."

ఆయనకు అర్థం కావడానికి కొంతసేపు పట్టింది. "మరి ఆ పొద్దు ఆ సారుకు ఎందుకు చెప్పలేదు?"

"భయమేసింది మామా."

"ఎవుర్ని సూసి?"

పది రోజుల శిబిరంలో ఏ ప్రశ్నకూ నేను జవాబు లేకుండా నిలబడలేదు. డైరెక్టరు గారు కొట్టేవారు కాదు, కాలేజీలోంచి తీసేసేవారూ కాదు. మహా అయితే ఆ సర్టిఫికెట్ ఇంకొకరికి పోయేది. ఇంత చిన్నదానికి భయపడ్డానని చెంగల్రాయుడి ముందు ఎలా చెప్పను?

"నెలన్నర," అన్నాడు చెంగల్రాయుడు. "ఒగే ఇంట్లో ఉండి వాడి మొగం సూడలేదప్పా నేను. నొప్పికి ఏడస్తా ఉంటే, ఏడువు, నీ పొగరు దిగతాదన్నా. వాళ్ళమ్మ నన్ను తిట్టింది, అయినా పలకలేదు. నిన్ను కొట్టాలని ఉండాది. కొట్టినా కాలు రాదు గదా." పసరు నూరే ఆవిడ రోలు ఆపి, కొంగుతో చేయి తుడుచుకుని ఆయనకు చెంబుతో నీళ్ళిచ్చింది. తాగకుండా మొహం మీద చల్లుకుని లోపలికి పోయాడు.

నేను లోపలికి వచ్చేసరికి ఆయన కొడుకు పక్కన నేల మీద కూర్చుని, వైద్యుడి మనిషి చేతిలోంచి నూనె గిన్నె తీసుకుని, ఆ కాలికి రుద్దుతున్నాడు. కొడుకు తలెత్తి నన్ను చూశాడు, చెప్పేసినావా అన్నట్టు. చాలాసేపు రుద్దాక, బండి మాట్లాడుకుని వస్తానని చెంగల్రాయుడు బయటికి పోయాడు. అప్పుడు నేను మునిరత్నాన్ని అడిగాను. నెలన్నరగా నన్ను తొలుస్తున్న ప్రశ్న అది.

"ఆ పొద్దు నువ్వెందుకు నేనేనని చెప్పినావు?"

అతను కోపంగా చెప్పలేదు. ఎవరి సంగతో చెప్పినట్టు చెప్పాడు. "నొప్పిలో ఏం తోచలేదబ్బా. నేనే అంటే, నువ్వు ఎంటనే కాదు సార్ నేను అంటావనుకున్నా. నువ్వు అనలేదు. ఇంగ అన్న మాట వాపసు తీసుకునేదెట్లా? ఆ రాత్రంతా అనుకుంటానే ఉండినా, తెల్లారితే చెప్తాడులే అని. మా నాయన దండం పెడతా ఉన్నప్పుడు గూడా అనుకున్నా, ఇప్పుడు చెప్తాడులే అని."

నేను అతని చేయి పట్టుకున్నాను. అతను చేయి లాక్కోలేదు, కానీ పట్టుకోనూ లేదు. జట్కా వచ్చింది. తండ్రి చంకలో చేయి వేసి లేపాడు. మొదటి అడుగు వేసినప్పుడు ఒక పక్కకు ఒరిగాడు. రెండో అడుగుకు అలవాటు చేసుకోవడానికి చూశాడు. బండెక్కాక చెంగల్రాయుడు నా వైపు తిరిగి, "వాడు పిలిస్తే రా అప్పా. పిలవకుండా రావద్దు," అన్నాడు. కటువుగా అనలేదు. బండి మలుపు తిరిగేదాకా మునిరత్నం వెనక్కి చూడలేదు.

మళ్ళీ పుత్తూరుకు నడిచి వచ్చేసరికి రెండు దాటింది. బస్టాండు ఎదుట ఒక హోటల్లో రెండు రూపాయలకు భోజనం పెడతారు. సాంబారు మన వైపు కంటే కాస్త అరవ రుచి, బాగుంటుంది. ఆకులో వడ్డించిన అన్నం నేను కలపకుండా కూర్చోవడం చూసి, వంటాయన గరిట పట్టుకునే వచ్చాడు.

"కట్టా?" అన్నాడు.

"నాకు కాదు."

"తెలస్తానే ఉండాది. ఈ ఊరికొచ్చి తినకుండా పోయేది కట్టించుకున్నోళ్ళు కాదు సామీ, వాళ్ళు బాగనే తింటారు. కూడా వచ్చినోళ్ళే తినరు. రసమన్నా పోసుకో," అని పోశాడు. నాలుగు ముద్దలు తిన్నాను. చిత్తూరు బస్సు నాలుగింటికి వచ్చింది. కార్వేటినగరం దాటాక వాన మొదలైంది. కిటికీ తెర దించితే లోపలంతా చీకటిగా అయింది. చిత్తూరు చేరేసరికి ఏడయింది.

ఆ వారమే డైరెక్టరు గారికి జరిగిందంతా రాసి, సర్టిఫికెట్ తిప్పి పంపాను. ఇరవై రోజులకు జవాబు వచ్చింది, సర్టిఫికెట్ కూడా దానితోపాటే. శిబిరం రికార్డులు ముగించామనీ, మార్చడానికి వీలు కాదనీ రాశారు. చివర ఆయన చేత్తో ఒక వాక్యం, తప్పు ఒప్పుకోవడం కూడా మంచి నాయకుడి లక్షణమేనని. మునిరత్నం మార్చిలో హాస్టల్ ఖాళీ చేశాడు. పెట్టె తీసుకెళ్ళడానికి వాళ్ళ బంధువెవరో వచ్చాడు. డిగ్రీ ప్రైవేటుగా కడతాడని, ప్రస్తుతం ఇంట్లో నూలు చుడుతున్నాడని, గుంటమగ్గం తొక్కడానికి ఆ కాలు సహకరించడం లేదని అతనే చెప్పాడు. నేను మూడు ఉత్తరాలు రాశాను. జవాబు లేదు. పిలుపు రాలేదు కాబట్టి పోలేదు.

ఆ పది రోజుల్లో మాకు చాలా నేర్పారు. గట్టిగా ఎలా మాట్లాడాలో, ఎదుటివాణ్ణి ఎలా ఒప్పించాలో నేర్పారు. మాట తక్కువ మనిషి ఒకడు పక్కన నిలబడి వద్దంటే ఆగి వినడం నేర్పలేదు. నేర్పినా నేను నేర్చుకునేవాణ్ణి కాదేమో. నిజం చెప్పడానికి నేను పోయిన ఆ ఒక్క రోజు ప్రయాణం వల్ల అతని కాలు బాగుపడలేదు, ఉద్యోగం రాలేదు. ఒక తండ్రి తన కొడుకు కాలికి నూనె రాశాడు, అంతవరకే. అది కూడా నెలన్నర ముందే జరగవలసింది. ఆలస్యంగా చెప్పిన నిజం మంచిదేనని నాకు చాలామంది చెబుతున్నారు. వాళ్ళెవరూ ఆ కొట్టంలో లేరు.

పుత్తూరుకు పోయేవాళ్ళకు ఒక్క మాట. కట్టు కాలుతో బస్సెక్కేవాళ్ళకు డ్రైవరు వెనక ఉండే పొడుగు సీటే వీలు, అక్కడయితే కాలు చాపుకోవచ్చు. దాన్ని ఎవరూ మీకోసం అట్టిపెట్టరు, తమంతట తాము లేచి ఇవ్వరు కూడా. ఎక్కగానే కండక్టరును అడగండి. అడిగితే కాదనడు. వెనక పోయి కూర్చున్నాక అడిగితే అప్పటికే సీటు నిండిపోయి ఉంటుంది.